పచ్చళ్ళ వ్యాపారానికి 'గుంటూరు రుచులు' అనే పేరు గురించి

మీ అమ్మగారు పెట్టే ఆవకాయను, కారప్పొడులను 'గుంటూరు రుచులు' అనే పేరుతో అమ్ముతూ, ఆ పేరును రిజిస్టరు చేయించుకోవచ్చా అని అడిగారు. అమ్ముకోవడానికి అది పనికివస్తుంది గాని, మీ ఒక్కరి సొంతం చేసుకోవడం కష్టమండి. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలోని 9వ సెక్షను ప్రకారం, సరుకు గుణాన్నో అది తయారైన ఊరినో మాత్రమే తెలిపే పేర్లకు, అవి వాడుకలో ప్రత్యేకమైన గుర్తింపు సంపాదించుకుంటే తప్ప, సాధారణంగా రిజిస్ట్రేషను దొరకదు. బంధువులు సూచించిన 'శ్రీలక్ష్మి' మాటకొస్తే, మా వీధిలోనే ఆ పేరుతో ఒక టిఫిన్ సెంటరూ ఒక జిరాక్సు దుకాణమూ ఉన్నాయి.

మీ ప్రశ్నలో మీరు యథాలాపంగా రాసిన 'అమ్మమ్మ నీలం మూత జాడీ' అన్న మాటలోని 'నీలం మూత', పేరుగా నాకు మిగతా రెంటికంటే నచ్చింది. 'నీలం మూత' అంటే ఊరూ కాదు, రుచీ కాదు. పావుకిలో సీసా మీద పెద్ద అక్షరాలలో పడుతుంది, సీసాలకు నిజంగానే నీలం మూతలు పెట్టవచ్చు, ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివారు మళ్ళీ అడగకుండా రాసుకోగలరు. ('రాచ్చిప్ప' వంటి మాటలు ఎంత ముచ్చటగా ఉన్నా, ఇంగ్లీషు అక్షరాలలో నలుగురూ నాలుగు రకాలుగా రాస్తారు.)

లేబుళ్ళు అచ్చు వేయించకముందే ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఆ పేరునూ, దానికి దగ్గరగా పలికే పేర్లనూ ఉచితంగా వెతికి చూడండి. రిజిస్ట్రేషను కోసం సరుకులను తరగతులుగా విభజిస్తారు; వాటిలో పచ్చళ్ళు 29వ తరగతిలోకి, పొడులు 30వ తరగతిలోకి వస్తాయి కాబట్టి రుసుము రెండింటికీ విడివిడిగా కట్టవలసి ఉంటుంది.