అల్లుడూ, ముందు గ్రౌండ్ కొలువు

ఒరేయ్ అల్లుడూ,

నీకు పీఈటీ పోస్టు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు, సంతోషంతోనే. నాకూ గొంతు పట్టేసింది. మన ఇంట్లో ఇంకో డ్రిల్లు సారు! కానీ రాత్రంతా నిద్ర పట్టలేదురా. నువ్వూ నాలాగే తొందర మనిషివి, అదే నా టెన్షన్.

మామూలు సంగతులు నీకు తెలుసు. ఎండెక్కక ముందే ప్రాక్టీసు ముగించు. ఏమీ తినకుండా వచ్చినవాడికి గుప్పెడు చెనిక్కాయలు, బెల్లం ముక్క పెట్టు. ఆడపిల్లల్ని పొద్దు గూకక ముందే ఇంటికి పంపు. తిరుపతి కాలేజీలో ఉన్నప్పుడు మేం అలిపిరి మెట్లు, మొత్తం 3,550, పందెం వేసుకుని ఎక్కేవాళ్లం, దిగేటప్పుడూ పరుగే. ఇప్పుడు నా మోకాళ్లు చూస్తున్నావుగా, పిల్లలతో ఆ పని చేయించకు.

ఇక నేను రాయాలనుకున్నది ఇది.

పలమనేరు పక్క నా మొదటి బడిలో పదో తరగతి పిల్లాడొకడు ఉత్తకాళ్లతో గాలిలా పరిగెత్తేవాడు. గ్రౌండ్‌ని అడుగులతో కొలిచి, సున్నం గీసి, ఇదే వంద మీటర్లు అన్నాను. అవతల ఇంకో పిల్లాడు విజిల్ ఊదితే, ఇవతల ఫినిష్ దగ్గర నేను ఆ చప్పుడు విని వాచీ నొక్కేవాణ్ణి. 11.2 సెకన్లు! వాళ్ల నాయన దగ్గరికి పరిగెత్తి, మీవాడు స్టేట్‌లో మెడల్ కొడతాడు అని చెప్పేశాను. ఆయన మేకల్ని అమ్మి స్పైక్స్, అదే ముళ్ల బూట్లు, కొనిచ్చాడు.

స్టేట్ మీట్‌లో వాడికి 11.8 వచ్చింది. హీట్స్‌లోనే, అంటే మొదటి రౌండ్‌లోనే, ఓడిపోయాడు. వాడు ఏడుస్తూ వస్తే నేనేమన్నానో తెలుసా? "భయపడ్డావురా" అన్నాను.

మరుసటి ఏడాది ఒక పెద్ద టైమ్‌కీపర్ పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది. పరుగు మొదలెట్టే తుపాకి పొగ చూసి వాచీ నొక్కాలి, చప్పుడు విని కాదు. వంద మీటర్లు రావడానికి చప్పుడుకి దాదాపు 0.3 సెకన్లు పడుతుంది, ఆ మేరకు నా వాచీ ఆలస్యంగా మొదలయ్యేది. ఊరికొచ్చి టేపు పట్టి చూస్తే నా గ్రౌండ్ 97 మీటర్లే. ఆ తగ్గిన మూడు మీటర్లకి ఇంకో 0.3 సెకన్లు. వాడేం భయపడలేదురా, వాడి అసలు టైమే అది, వాడు పరిగెత్తాల్సినంత పరిగెత్తాడు. 1984 ఒలింపిక్స్‌లో పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుందని తెలిసి హాస్టల్లో అన్నం మానేసినవాణ్ణి నేను! అలాంటిది అరసెకను పైగా తప్పు లెక్క ఒక పిల్లాడి నెత్తిన పెట్టాను.

తెలిశాక కూడా వాడికి చెప్పలేదు. సిగ్గేసింది. వాడు మళ్లీ ట్రాక్ ఎక్కలేదు. మొన్న టమాటా మార్కెట్‌లో కలిశాడు, కొడుకుని ఆటల్లో వేయమంటే "మా వంశానికి ధైర్యం లేదు సార్" అన్నాడు. అప్పుడు చెప్పేశాను, అక్కడే, ట్రేల మధ్య నిలబడి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాయన ఉన్నప్పుడు చెప్పుంటే బాగుండేది సార్" అన్నాడు.

చేరిన రోజే గ్రౌండ్ కొలువు, మనిషి అడుగుల్ని నమ్మకు. విజిల్‌తో పాటు చెయ్యి పైకెత్తి దించమను, ఆ చెయ్యి చూసి వాచీ నొక్కు. ఎంతొస్తే అంతే చెప్పు నాయనా, తక్కువైతే తక్కువే. నా స్టీలు టేపు మీ అమ్మతో పంపిస్తున్నా, మొదటి కొస దగ్గర కాస్త తుప్పు పట్టింది, నూనె రాశాను.

మీ మామ