అమ్మగారితో నాలుగు రోజులంటే బుడాపెస్ట్‌కే నా ఓటు

అమ్మగారిని తీసుకెళ్లడానికి ఆస్ట్రియాలోని వియన్నానా, హంగరీలోని బుడాపెస్టా అని అడిగారు. డిసెంబర్, నాలుగు రోజులు, పైగా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. నేనైతే బుడాపెస్ట్‌లోనే దిగుతాను.

కారణం వేడినీళ్లు. 1913లో తెరిచిన సెచెనీ స్నానశాలలో బయట చలి కొరికేస్తున్నా ఆరుబయట కొలనులో ఆవిర్లు లేస్తుంటాయి. మోకాళ్లకు అంతకంటే ఏం కావాలి! (బీపీ ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.) సాయంత్రం 2వ నంబర్ ట్రామ్ ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టండి. డాన్యూబ్ నది ఒడ్డు, దీపాల వెలుగులో పార్లమెంటు, అన్నీ కూర్చున్నచోటే చూసేయొచ్చు. ఊళ్లో నదికి ఒకవైపు బుడా, మరోవైపు పెస్ట్. బుడా వైపు గుట్టలు, కాబట్టి బస పెస్ట్ వైపే. 1896 నాటి పాత మెట్రో ముచ్చటగా ఉంటుంది కానీ చాలా స్టేషన్లలో లిఫ్ట్ లేదు. ఆ విషయంలో మాత్రం వియన్నాదే పైచేయి.

వియన్నా వదులుకోనక్కర్లేదు, రైలులో రెండున్నర గంటల పైచిలుకు. పొద్దున్నే వెళ్లి షోన్‌బ్రున్ ప్యాలెస్ చూసి రాత్రికి వచ్చేయండి. రెండు దేశాలకూ షెంజెన్ వీసా ఒక్కటే చాలు. ఎక్కువ రాత్రులు హంగరీలో కాబట్టి ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. అక్కడ యూరో కాదు, ఫోరింట్. ఎయిర్‌పోర్టులో మాత్రం మార్చకండి, రేటు దారుణం.