హెచ్‌ఆర్ ఉద్యోగాలు ఏఐ చేతికి పోతాయా?

ప్రశ్న: ఎంబీఏలో హెచ్‌ఆర్ తీసుకున్నాను. మా తాతయ్య పనిచేసిన మిల్లులో లేబర్ ఆఫీసరు ఉండేవారట, ఇప్పుడు హెచ్‌ఆర్ మేనేజర్ అంటున్నారు. రెజ్యూమెలు కూడా ఏఐ చూసేస్తోంది. నా చదువు అయ్యేసరికి ఈ ఉద్యోగాలు ఉంటాయా? టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఉంటాయి. కాకపోతే రెజ్యూమెలు వడపోయడం, సెలవుల లెక్క, పేరోల్ లాంటివాటి మీదే ఆశ పెట్టుకోకండి, అవి ఇప్పటికే చాలావరకు సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్లిపోయాయి.

మీ తాతయ్య చెప్పిన ఆ లేబర్ ఆఫీసరు ఎందుకు వచ్చాడో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. అప్పట్లో బొంబాయి మిల్లుల్లో ఒకరిని పనిలో పెట్టాలన్నా తీసేయాలన్నా అంతా జాబర్ అనే మేస్త్రీ చేతిలోనే ఉండేది, వాడు లంచం తీసుకునేవాడు, తన ఊరివాళ్లనీ తనవాళ్లనీ పెట్టుకునేవాడు. ఆ పెత్తనం తీసేసి లేబర్ ఆఫీసర్లను పెట్టమని 1931లో విట్లీ కమిషన్ (కార్మికుల స్థితిగతులు చూడటానికి బ్రిటిష్ ప్రభుత్వం వేసిన సంఘం) చెప్పింది. 500 మంది, అంతకుమించి పనిచేసే ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండాల్సిందేనని 1948 ఫ్యాక్టరీల చట్టం రాసింది. ఆ తర్వాత 1975 ప్రాంతంలో మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్లు ఉదయ్ పారీక్, టి.వి.రావు సలహాతో ఎల్ అండ్ టీ సంస్థ ఉద్యోగుల ఎదుగుదల చూసుకోవడానికే విడిగా హెచ్‌ఆర్‌డీ (మానవ వనరుల అభివృద్ధి) విభాగం పెట్టింది. నా దృష్టిలో మన దేశంలో ఈ వృత్తికి అదే పెద్ద మలుపు.

ఇక ఏఐ సంగతి. అమెజాన్ తయారుచేసుకున్న ఒక నియామకాల ప్రోగ్రామ్ పదేళ్ల పాత రెజ్యూమెలు చూసి నేర్చుకుంది, వాటిలో ఎక్కువ మగవాళ్లవే కావడంతో ఆడవాళ్ల దరఖాస్తులకు మార్కులు తగ్గించింది. దాన్ని పక్కన పడేశారని 2018లో బయటికొచ్చింది. జాబర్ తనవాళ్లను ఏరుకున్నట్టే ఇదీ అలవాటైనవాళ్లనే ఏరుకుంది, పైగా జాబర్‌ని నిలదీయొచ్చు, ప్రోగ్రామ్‌ని ఎవరు నిలదీస్తారు? ఆ పని చేయాల్సింది మీరే. ఎవరిని ఎందుకు తీసేసిందో అడిగి, తప్పుంటే ఆపించగలిగే మనిషి ప్రతి కంపెనీకీ కావాలి.

అందుకే కార్మిక చట్టాలు శ్రద్ధగా చదవండి. వెల్ఫేర్ ఆఫీసరు తప్పనిసరి అనే సంఖ్యను 2020లో చేసిన కార్మికుల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ (చట్టం) 250కి తగ్గించింది. ఉద్యోగుల వివరాలు ఎలా వాడాలో తెలియాలంటే 2023 డేటా రక్షణ చట్టం చూడండి. ఇంటర్న్‌షిప్ మాత్రం ఏసీ ఆఫీసులో కాదు, వీలైతే షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీలో చేయండి.