ట్యూన్ చేసిన బండికి ఏ పెట్రోలు పోయించాలి

విల్లివాక్కం, చెన్నై

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన ట్యూనింగ్ కాగితమూ రెండూ శ్రద్ధగా చూశాను. బెంగళూరులో నీ టర్బో పెట్రోల్ జీపుకు రీమ్యాప్ చేయించావనీ (అంటే ఇంజను కంప్యూటరులోని లెక్కలు మార్పించావనీ), సెలవు రోజుల్లో వెనక సామానంతా నింపుకుని కొండదారులకు తీసుకెళ్తున్నావనీ, కాగితం మీద "93 ఆక్టేన్ మ్యాప్" అని ఉంది కనుక మన బంకులో దొరికే 95 పోయిస్తే రెండు అంకెలు మిగులే గదా అనీ రాశావు. అది మిగులు కాదు నాయనా, తరుగు. ఈ సంగతి తేలేదాకా యాక్సిలరేటరు పూర్తిగా తొక్కవద్దు.

ఆక్టేన్ అంటే పెట్రోలు తనంతట తాను భగ్గుమనకుండా ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె. దాన్ని కొలిచే లెక్కలు ఒకటి కాదు. మన దేశంలో బంకు మీద కనిపించే అంకె ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబరు) లెక్కలో ఉంటుంది. పరీక్ష కోసమే చేసిన ఒంటి సిలిండరు ఇంజనును నిమిషానికి 600 చుట్ల వేగంతో నడిపి ఆ అంకె తీస్తారు. అదే పెట్రోలును 900 చుట్ల దగ్గర, లోపలికి వెళ్లే మిశ్రమాన్ని 149 డిగ్రీలకు వేడిచేసి పరీక్షిస్తే వచ్చేది ఎమ్ఓఎన్ (మోటార్ ఆక్టేన్ నంబరు). అది ఎప్పుడూ కొంత తక్కువగానే వస్తుంది. అమెరికాలో ఈ రెండూ కూడి సగం చేసి, ఆ సగటునే బంకు మీద రాస్తారు. మన బీఎస్6 ప్రమాణంలో సాధారణ పెట్రోలుకు ఆర్‌ఓఎన్ కనీసం 91, ఎమ్ఓఎన్ కనీసం 81 ఉండాలి. ప్రీమియం రకానికి 95, 85 ఉండాలి. సగటు తీసి చూడు: మన 91 వాళ్ల లెక్కలో 86 అవుతుంది, మన 95 వాళ్ల లెక్కలో 90 అవుతుంది. నీ కాగితం అడుగున ఉన్న వివరాలను బట్టి ఆ మ్యాప్ అమెరికా మూసలోంచి వచ్చింది కనుక, అందులోని 93 అంటే మన లెక్కలో దాదాపు 98. నువ్వు పోయిస్తున్న 95 దానికి మూడంకెలు తక్కువ. ట్యూనర్‌ను అడిగి, "ఈ మ్యాప్ ఇన్ని ఆర్‌ఓఎన్‌కు రాసినది" అని స్పష్టంగా రాయించుకో. నోటిమాట చాలదు.

ఇక ఆక్టేన్ ఎక్కువైతే పెట్రోలులో బలం ఎక్కువని చాలామంది నమ్ముతారు. ఆక్టేన్ చెప్పేది బలం సంగతి కాదు, ఓర్పు సంగతి. ప్లగ్గు వెలిగించిన మంట సిలిండరులో ఒక అంచు నుంచి మరో అంచుకు పాకుతూ వెళ్లాలి. పాకే మంట ముందున్న మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తాళలేక, మంట తన దాకా రాకముందే తనంతట తాను భగ్గుమంటే, ఆ దెబ్బ సుత్తిదెబ్బలా పిస్టను మీద పడుతుంది. నాకింగ్ అంటే అదే. దాన్ని ఎంతవరకు ఓర్చుకోగలదో చెప్పేదే ఆక్టేన్ అంకె. రీమ్యాప్‌లో బూస్ట్ (టర్బో గాలిని కుక్కే ఒత్తిడి) పెంచి, స్పార్క్‌ను ముందుకు జరిపి ప్లగ్గు ఇంకాస్త ముందుగా వెలిగేలా చేసినప్పుడు ఆ ఓర్పు మరింత కావాలి. ఏమీ మార్చని ఇంజనుకు, కంపెనీ అడిగిన దానికి మించిన ఆక్టేన్ పోయిస్తే చాలా బండ్లలో డబ్బు ఖర్చే తప్ప వేరే ఫలితం ఉండదు. మన ఇంటి లారీలకు ఏ ఆక్టేన్ వాడాలని మీ నాన్న ఒకసారి అడిగాడు. డీజిలు తనంతట తాను మండడమే కావాలి కనుక దాని అంకె సీటేన్, ఆ లెక్క పూర్తిగా వేరు.

తక్కువ ఆక్టేన్ ఏం చేస్తుందో నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల క్రితం అంబత్తూరులో నా షెడ్డుకు ఒక కుర్రవాడు ట్యూన్ చేసిన టర్బో పెట్రోల్ కారు తెచ్చాడు. తిరుపతి నుంచి వస్తూ దారిలో ప్రీమియం దొరకక సాధారణ పెట్రోలు నింపాడు. ఆ తరువాత కూడా ఎప్పటి వేగంతోనే నడిపాడు. రేకు డబ్బాలో గోళీలు కదిలినట్టు శబ్దం వచ్చిందట, పాటల హోరులో పట్టించుకోలేదట. ప్లగ్గులు విప్పి కిటికీ వెలుతురులో పెట్టాను. మూడో ప్లగ్గు తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు, వాటి మధ్య సూదిమొన పాటి వెండి మెరుపులు కనిపించాయి. ఆ మెరుపు కరిగిన పిస్టను అల్యూమినియం. కంప్రెషన్ కొలిస్తే తక్కిన మూడు సిలిండర్లు 170 పీఎస్ఐ చుట్టూ ఉన్నాయి, మూడోది 60 దగ్గర ఆగిపోయింది. హెడ్ విప్పి పిస్టను బయటికి తీస్తే, మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్యనున్న గట్టు అర అంగుళం మేర విరిగి, ఆ ముక్క చేతిలోకి ఊడి వచ్చింది. దాన్ని చేతిలో పట్టుకుని ఆ కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. రూపాయల్లో చూస్తే అతను ఆ రోజు పెట్రోలు మీద మిగుల్చుకున్నది చాలా తక్కువ.

నీ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి ఒత్తిడి చెన్నైకన్నా ఇంచుమించు పది శాతం తక్కువ, ఎండ కూడా తక్కువ. టర్బో లేని ఇంజనుకు ఆ పలుచని గాలి కొంత రక్ష. నీ ఇంజనుకు టర్బో ఉంది. ఇంజను కంప్యూటరైన ఈసీయూ తాను కోరిన ఒత్తిడి వచ్చేదాకా టర్బోను ఇంకా వేగంగా తిప్పించి గాలిని కుక్కుతుంది, కుక్కిన గాలి మరింత వేడెక్కుతుంది. కనుక ఎత్తు మీద భరోసా పెట్టుకోకు. ఇక బెంగళూరులో చల్లని పొద్దున డైనో (బండిని నిలిపి ఇంజను శక్తి కొలిచే యంత్రం) మీద సరిచూసిన మ్యాప్ మే నెల చెన్నైలో, నలభై డిగ్రీల ఎండలో, తిరువొత్తియూరు రోడ్డు రద్దీలో ఆగి కదులుతున్నప్పుడు ఎలా ఉంటుందో డైనో చెప్పదు. మన ఊరి తేమగాలి నాకింగును కొంచెం తగ్గిస్తుందన్నది నిజమే కానీ, ఎండ వేడి ముందు అది నిలవదు. అన్నిటికన్నా కఠినమైన పరీక్ష నువ్వు ఇక్కడికి వచ్చి తిరిగి వెళ్లే దారిలోనే ఉంది. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేలోపు, బండి నిండా సామానుతో, ముందు లారీ ఉండి, నాలుగో గేరులో 1,800 చుట్ల దగ్గర యాక్సిలరేటరు తొక్కి పట్టావనుకో, ఇంజను మీద అంతకు మించిన భారం ఉండదు. అక్కడ గేరు తగ్గించి 3,000 దగ్గర తిప్పితే, అదే పెట్రోలుతో అదే ఇంజను చాలా సుఖంగా ఎక్కుతుంది. ఎక్కువ చుట్లు తిప్పితే ఇంజను అరుగుతుందన్న భయంతో మనవాళ్లు పెద్ద గేరులోనే లాగిస్తారు. ట్యూన్ చేసిన టర్బో ఇంజనుకు అది హాని.

బంకుల సంగతికి వస్తే, పేరును కాదు, అంకెను చూడు. ప్రీమియం అన్నంత మాత్రాన ఆక్టేన్ పెరిగినట్టు కాదు. కొన్నిటిలో ఇంజను శుభ్రం చేసే మందులు మాత్రమే అదనం. ఎక్స్‌పీ95 అంటే 95, స్పీడ్ 97 అంటే 97; ఇండియన్ ఆయిల్ వాళ్లు 2020 డిసెంబరులో విడుదల చేసిన ఎక్స్‌పీ100 అంటే 100. ఇథనాల్ ఇరవై శాతం కలిసిన సాధారణ పెట్రోలు ఆర్‌ఓఎన్ 95కు చేరిందని పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025లో చెప్పింది. ఇథనాల్ సొంత ఆర్‌ఓఎన్ 108 చుట్టూ ఉంటుంది, పైగా ఆవిరయ్యేటప్పుడు వేడిని బాగా లాగేసుకుంటుంది, అందుచేత నాకింగు విషయంలో అది మేలే చేస్తుంది. అయితే లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా మూడోవంతు తక్కువ. అంతే గాలికి ఇంజెక్టర్లు ఎక్కువ ఇంధనం చిమ్మాలి. బూస్ట్ పెంచిన బండిలో ఇంజెక్టర్లు ఇప్పటికే చివరి అంచున పనిచేస్తూ ఉంటే, ఫుల్ థ్రాటిల్‌లో మిశ్రమం పలచబడి ఆక్టేన్ ఇచ్చిన లాభమంతా పోతుంది. ఈ20 (అదే, ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు) మీద ఇంజెక్టరు ఎంత శాతం తెరిచి ఉంటోందో ట్యూనర్‌ను అడుగు. 85 దాటితే బూస్ట్ తగ్గించమని చెప్పు.

నా తీర్పు అడిగావు కనుక చెబుతున్నాను. మ్యాప్ కోసం 98, 100 పెట్రోలు వెతుక్కుంటూ తిరగవద్దు. 95కు సరిపోయేలా మ్యాప్ మళ్లీ రాయించుకో. నీ దారులు కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు. ప్రతి ఊళ్లోనూ వంద ఆక్టేన్ దొరకదు. దొరికినా, అమ్మకం తక్కువగా ఉన్న బంకులో ఆ పెట్రోలు ట్యాంకులో ఎన్నాళ్లుగా ఉందో తెలియదు. ట్యూనర్ స్పార్క్‌ను రెండు మూడు డిగ్రీలు వెనక్కి జరిపి, బూస్ట్ కాస్త దించితే నువ్వు కోల్పోయేది కొద్ది హార్స్‌పవరు. అది రోడ్డు మీద నీకు తెలియను కూడా తెలియదు. ట్రాక్ మీద పోటీకి దిగేవాళ్లకు వంద ఆక్టేన్ మ్యాప్ వేరుగా పెట్టుకోవడం న్యాయమే. షోళవరం రేసుల రోజుల నుంచి చూస్తున్నాను, వాళ్లు ఇంధనాన్ని పీపాల్లో తమతోపాటు మోసుకెళ్తారు. నువ్వు సంసారం బండి నడుపుతున్నావు.

మ్యాప్ మార్చాక నమ్మకంగా తేల్చుకునే పద్ధతి ఒకటే. బండి కంప్యూటరును చదివే ఓబీడీ స్కానరు తగిలించి, ఇగ్నిషన్ టైమింగు, నాక్ కరెక్షన్ (నాకింగు వల్ల ఈసీయూ టైమింగును ఎంత వెనక్కి లాగిందో), లోపలికి వెళ్లే గాలి వేడి, బూస్ట్, ఈ నాలుగింటినీ రికార్డు చెయ్యి. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక 95 నింపి, యాభై కిలోమీటర్లు మామూలుగా నడిపి, ఖాళీ దారిలో మూడో గేరులో 2,000 నుంచి 5,000 దాకా పూర్తిగా తొక్కి చూడు. తరువాత మరొక ట్యాంకు 97తో, ఇంచుమించు అదే ఎండలో అదే పరీక్ష చెయ్యి. రెండింటిలోనూ ఈసీయూ టైమింగును వెనక్కి లాగకపోతే 95 చాలు, ఇంకేదీ కొనవద్దు. 95 మీద మూడు డిగ్రీలు లాగి, 97 మీద లాగకపోతే మ్యాప్ ఇంకా బిగువుగా ఉందని అర్థం. చెవిని నమ్ముకోవద్దు, ఈ కాలపు ఇంజన్లలో హానిచేసే నాకింగు చాలావరకు క్యాబిన్ లోపలికి వినపడదు.

ఎప్పుడైనా గత్యంతరం లేక తక్కువ పెట్రోలు పోయించవలసి వస్తే, ట్యాంకులో ఉన్నదానిలో సగం మాత్రమే పోయించు. అంకెలు ఇంచుమించు సగటున కలుస్తాయి: ఇరవై లీటర్ల 91కి ఇరవై లీటర్ల వంద కలిస్తే 95 చిల్లర. ఆ ట్యాంకు అయ్యేదాకా సగం యాక్సిలరేటరు దాటకు, ఘాట్‌లో గేరు దించుకో. పుదుపేట దుకాణాల్లో అమ్మే ఆక్టేన్ బూస్టరు సీసాల మీద "మూడు పాయింట్లు పెరుగుతుంది" అని ఉంటే, చాలావాటిలో ఆ మూడు పాయింట్లు అంటే 0.3 మాత్రమే. కొన్నిటిలో మాంగనీసు ఉంటుంది. ప్లగ్గుల మీద ఇటుకరంగు పొర పేరుకుపోతుంది. అవి కొనకు.

నీది డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్మే రకం) కనుక మరొక మాట. తక్కువ చుట్ల దగ్గర ప్లగ్గు వెలగకముందే పేలే జబ్బు ఈ రకం ఇంజన్లకు ఉంది. దానికి ఆక్టేన్ మందు కాదు, ఆయిలే మందు. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అనే నాణ్యత గుర్తు ఉన్నదే పోయించు, కంపెనీ చెప్పిన దూరంలో సగానికే మార్చు.

వచ్చే నెల ఇక్కడికి వచ్చేటప్పుడు మొగిలి ఘాట్ లాగ్ ఫైలూ, మూడో సిలిండరు ప్లగ్గూ వెంట తీసుకురా. ప్లగ్గును తుడవకుండా కాగితంలో చుట్టి తీసుకురా. ఇద్దరం వెలుతురులో పెట్టి చూద్దాం. మీ అమ్మకు మా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న