‘నిస్సహాయత’ అని రాసే ముందు

నాయనా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి కథ కోసం, రెండోసారి మాటల కోసం. చెన్నై వేళచ్చేరి హాస్టల్లో ఉంటూ ఉద్యోగం పోగొట్టుకున్న ఆ అమ్మాయి అంటే నీకు నిజంగా ప్రేమ ఉంది, అది తెలుస్తోంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. మూడో పేజీలో ఇలా రాశావు: “ఉద్యోగరాహిత్యం ఆమెలో అభద్రతను, నిస్సహాయతను నింపింది. తండ్రి మౌనం ఆమె ఒంటరితనానికి మరింత తీవ్రతను చేకూర్చింది.” రెండు వాక్యాల్లో ఆరు భావాల పేర్లు. రాహిత్యం ఏదో చేసింది, మౌనం ఏదో చేసింది, ఆ అమ్మాయి మాత్రం ఒక్క పనీ చెయ్యలేదు. కూర్చోలేదు, లేవలేదు, ఫోన్ తియ్యలేదు.

“ఆలోచన ఇంగ్లీషులోనే వస్తుంది మాస్టారూ, తర్వాత తెలుగులోకి మార్చుకుంటాను” అని నువ్వే రాశావు. అందులో తప్పేమీ లేదు. చెన్నైలో చదువుకుని, ఓఎమ్మార్ రోడ్డు మీది ఆఫీసులో పొద్దస్తమానం ఇంగ్లీషు మాట్లాడే కుర్రాడికి అలాగే వస్తుంది. కాకపోతే ఆ ఇంగ్లీషు మాటని మూట విప్పకుండా మోసుకొచ్చేస్తున్నావు. ఒకసారి విప్పి చూద్దాం.

హెల్ప్‌లెస్‌నెస్. మూడు ముక్కలు. హెల్ప్ అంటే సాయం. లెస్ అంటే ఇక్కడ తక్కువ అని కాదు, లేని అని. అది పాత ఇంగ్లీషులో వేరే మాట, వదులు అనే అర్థమున్న లూస్‌కి చుట్టం. చివర ఉన్న నెస్, అలా ఉండడానికి పేరు పెట్టే ముక్క. మన నిస్సహాయత కూడా అచ్చం అలాగే అతికింది: నిస్, సహాయ, త. ముక్కకి ముక్క సరిపోయేసరికి అనువాదం కుదిరిపోయిందనిపిస్తుంది. కానీ మన ఇళ్ళలో కష్టం వచ్చినప్పుడు నిస్సహాయత అని ఎవరూ అనగా నేను వినలేదు. “దిక్కు తోచలేదు” అంటారు, “ఏం చెయ్యాలో పాలుపోలేదు” అంటారు, “చేతులు కట్టేసినట్టయింది” అంటారు. చూడు, అన్నీ క్రియలే.

ఇన్‌సెక్యూరిటీ సంగతి ఇంకా బాగుంటుంది. సెక్యూర్ లాటిన్ మాట, ‘సె’ అంటే లేకుండా, ‘కూరా’ అంటే చింత. అంటే సెక్యూరిటీకి పుట్టుకలో ఉన్న అర్థం మన నిశ్చింతే. నువ్వు రాసిన అభద్రతలో తాళాలూ కాపలాలూ గుర్తొస్తున్నాయి గానీ, నెలాఖరుకి హాస్టల్ అద్దె ఎలా కట్టాలా అన్న చింత కనపడడం లేదు.

ఇంగ్లీషులో ఈ తోక ముక్కలన్నీ ఒక ఇంటివి కావు. నెస్, హుడ్, షిప్, డమ్ పాత ఇంగ్లీషు నుంచి వచ్చినవి. హుడ్ ఒకప్పుడు విడిగా బతికిన మాట, స్థితి, హోదా అని అర్థం, అందుకే చైల్డ్‌హుడ్, మదర్‌హుడ్. డమ్ అంటే తీర్పు, అధికారం. ఫ్రీడమ్ చివర ఉన్నదీ, వినాశం అనే అర్థంలో వాడే డూమ్ అనే మాటా ఒకటే. ఫ్రెండ్‌షిప్‌లో షిప్‌కి ఓడతో సంబంధం లేదు, అది రూపం అనే అర్థమున్న షేప్‌కి బంధువు. ఇటీ, షన్, మెంట్ మాత్రం లాటిన్ సంతానం, 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఫ్రెంచి వెంట గుంపులుగా దిగాయి. అందుకే వాళ్ళకి లోతుకి డెప్త్ అని ఇంటి మాట ఒకటి, ప్రొఫండిటీ అని పెద్ద మాట ఒకటి.

మనకీ అంతే. తనం, రికం, మి, పు, క మన ఇంటివి. త, త్వం సంస్కృతం నుంచి వచ్చినవి. ఈ ఊళ్ళోనే తెలుగు పాఠాలు చెప్పిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో తద్ధితాలకి ఒక పరిచ్ఛేదం, కృదంతాలకి ఒక పరిచ్ఛేదం విడివిడిగా పెట్టాడు. నామం మీద ప్రత్యయం చేరి పుట్టిన మాటలు ఒకవైపు, ధాతువు నుంచి పుట్టిన మాటలు ఇంకోవైపు. వ్యాకరణమని భయపడకుండా ఆ రెండూ ఒక ఆదివారం చదువు. ఓర్చుకోవడంలోంచి ఓర్పు, నేర్చుకోవడంలోంచి నేర్పు, మారడంలోంచి మార్పు ఎలా వచ్చాయో చూస్తే, మన పేర్లలో ఎన్నిటికి కడుపులో క్రియ ఉందో అర్థమవుతుంది. పేర్మి, కూర్మి, లేమి లాంటి మాటల దగ్గర కాసేపు ఆగు. మన పేర్మీ, నువ్వు రోజూ బస్సులో వినే అరవం పెరుమై ఒకే వేరు నుంచి వచ్చినవి.

ఇక మన తనం. దాన్ని నెస్‌కి సమానమనుకుంటే మోసపోతావు. సోమరితనం అంటే సోమరిగా ఉండడం, సరే. కానీ దొంగతనం అంటే దొంగగా ఉండడం కాదు, దొంగిలించే పని. చిన్నతనం అంటే బాల్యం, కానీ “నలుగురిలో అలా అడిగేసరికి నాకు చిన్నతనంగా అనిపించింది” అంటే అవమానం. పెద్దరికం వయసు కాదు, నలుగురూ మాట వినే హోదా. ఇక ఇల్లరికం! రికం అనే రెండక్షరాల ముక్కకి ఇల్లు తగిలించి, అత్తగారింట్లో ఉండిపోయిన అల్లుడి బతుకంతా అందులో పెట్టేశారు మనవాళ్ళు. ఇంగ్లీషులో దాన్ని ఒక వాక్యంలో చెప్పుకోవాల్సిందే. ఇలాంటివి నీ కథలో ఒక్కటీ లేకపోవడం నాకు బాధగా ఉంది, ఎందుకంటే మీ అమ్మమ్మ మాట్లాడేటప్పుడు ఇవన్నీ దొర్లుతూ ఉంటాయని నువ్వే ఒకసారి చెప్పావు.

భావాల పేర్లే వద్దని చెప్పడం లేదు. అవి లేకపోతే చట్టం రాయలేం. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతని రద్దు చేసింది, ఆ ఒక్క పేరు కింద వేల ఊళ్ళలో వేల రకాలుగా జరిగిన పనులన్నీ నేరం కావాలి కాబట్టి అక్కడ పేరే కావాలి. కానీ అదే సంగతికి మనకున్న అంటరానితనం అనే మాట చూడు. అంట, రాని, తనం. అందులో అంటుకోవడం అనే పని ఇంకా కొట్టుకుంటూనే ఉంది, ఎవరు అంటకూడదు, ఎవరిని, ఎవరు చెప్పారు అనే ప్రశ్నలు దానంతటవే లేస్తాయి. కథ రాసేవాడు ఇంకో అడుగు వెయ్యాలి: ఏ బావి దగ్గర, ఎవరి బిందె, ఎవరు కసిరారు.

నేను ఈ సంగతి తెలుసుకున్న రోజు చెప్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక సంస్థకి టీబీ గురించి చిన్న పుస్తకం అనువాదం చేశాను. రెగ్యులారిటీ అని ఉంటే ‘క్రమబద్ధత’ అని రాశాను. “చికిత్సలో క్రమబద్ధత అత్యవసరం” అని వాక్యం. వ్యాసర్పాడిలో తెలుగువాళ్ళున్న వీధిలో ఆ పుస్తకాలు పంచుతుంటే నేనూ వెళ్ళాను. ఒకావిడ, మొగుడికి జబ్బు, గుమ్మంలో కూర్చుని కూతురి చేత చదివించుకుని విన్నది. విని, మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, “క్రమబద్ధతంటే వీటిల్లో ఏ మాత్రయ్యా? మాకియ్యలేదే” అని అడిగింది. ఆవిడ ముఖంలో కంగారు నాకింకా గుర్తుంది, మొగుడికి అసలైన మందు ఇవ్వలేదేమోనని. “ఒక్క రోజు కూడా మానకుండా ఆరు నెలలు మింగాలమ్మా, దగ్గు తగ్గినా సరే” అని నోటితో చెప్పాను. అదే వాక్యం పుస్తకంలో ఎందుకు రాయలేదో నాకే అర్థం కాలేదు. ఆ రాత్రి కూర్చుని పుస్తకం అంతా మళ్ళీ రాశాను.

షన్ దగ్గర ఇంకో చిక్కుంది. ట్రాన్స్‌లేషన్ సాగుతోంది అంటే పని, ట్రాన్స్‌లేషన్ బాగుంది అంటే ఆ పనిలోంచి వచ్చిన వస్తువు. ఇంగ్లీషు రెంటికీ ఒకే మాట వాడుకుంటుంది. మనకి అనువదించడం వేరు, అనువాదం వేరు. ఏదో తేల్చుకోకుండా రాస్తే వాక్యం మసకబారుతుంది. కొన్నిటిని అసలు కదపొద్దు. గ్యాస్ కనెక్షన్ గ్యాస్ కనెక్షనే. నీ కథలో ఇంటర్వ్యూ ముందు రోజు ఆ అమ్మాయికి ‘ఉద్రిక్తత’ అన్నావు. ఉద్రిక్తత అంటే ఊళ్ళో గొడవ జరిగి పోలీసులు దిగినప్పటి మాట, ఏ పేపరు చూసినా తెలుస్తుంది. అమ్మాయి టెన్షన్ పడింది, టెన్షన్ అనే రాయి.

మళ్ళీ నీ రెండు వాక్యాల దగ్గరికి వద్దాం. నాన్న మౌనం అన్నావు. అదెలా ఉంది? నాన్న ఫోన్ ఎత్తి, విషయం విని, “సరే, అన్నం తిన్నావా” అని అమ్మకి ఇచ్చేశాడా? ఎత్తకుండా వదిలేశాడా? విన్నాక అవతల నుంచి టీవీ చప్పుడు మాత్రమే వినిపించిందా? మూడూ మౌనాలే, ముగ్గురూ వేరు వేరు నాన్నలు. ఏ నాన్నో నీకు తెలుసు, నాకు తెలియదు, ఎందుకంటే మౌనం అనే మాట వెనక దాచేశావు. ఒంటరితనం మాత్రం ఉంచుకో, అది మనం నోటితో అనే మాటే, కానీ దానికి తీవ్రతను చేకూర్చొద్దు.

నువ్వు రాసిన పేజీల్లో నాకు బాగా నచ్చిన చోటు ఒకటుంది, నువ్వు గమనించావో లేదో. ఆఖరి పేజీకి ముందు, ఆ అమ్మాయి ఆఫీసు ఐడీ కార్డు మెడలోంచి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ మెడలో వేసుకుంటుంది. అక్కడ ఒక్క భావం పేరు కూడా లేదు. నేను కాగితాలు పక్కన పెట్టి లేచి కాసేపు వరండాలో తిరిగాను.

మూడో పేజీ మళ్ళీ రాసి పంపు. ఆ కార్డు మెడలో ఉండగానే నాన్నకి ఫోన్ చేసిందా, తీశాక చేసిందా, అది నాకు తెలియాలి.

ఇట్లు,
మీ మాస్టారు