పిల్లి పులిహోరకి ఇన్సులిన్ మార్చేటప్పుడు

అక్టోబరు 2024
ఎడిసన్, న్యూజెర్సీ

చిన్నీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక నిద్ర పట్టలేదు. షుగర్ జబ్బున్న మీ పిల్లి పులిహోరకి వేసే ఇన్సులిన్ లెవెమిర్ ఇక రాదని ఫార్మసీ వాళ్ళు చెప్పారని, ఫ్రిజ్‌లో ఉన్నది ఒక్క సీసాయేనని ఒకటే కంగారు పడ్డావు. వాళ్ళు చెప్పింది నిజమే. అమెరికాలో లెవెమిర్ ఆపేస్తున్నామని దాన్ని తయారుచేసే నోవో నార్డిస్క్ పోయిన నవంబరులోనే ప్రకటించింది. పెన్నులు ఏప్రిల్‌లో ఆగిపోయాయి, సీసాలు డిసెంబరు 31తో ఆఖరు. కాబట్టి ఆ మందు కోసం ఊళ్ళో ఉన్న షాపులన్నీ తిరగడం మానేసి, మారే పని చూసుకో.

నేను డాక్టర్ని కాను. రెండు పిల్లులకి కలిపి ఏడేళ్ళు పొద్దున్నా సాయంత్రం సూదులు వేసినదాన్ని, అంతే. డోసు ఎంతన్నది మీ వెట్, అంటే పిల్లి డాక్టరు, చెప్పాలి. నేను చెప్పేది ఆ డోసు పిల్లి ఒంట్లోకి వెళ్ళేలోపు ఇంట్లో జరిగే పొరపాట్ల గురించి.

నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. మా మొదటి పిల్లి బుజ్జులు నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు స్కూల్లో ఉన్నావు. దానికి వెట్సులిన్ అనే ఇన్సులిన్ వేసేవాళ్ళం. 2009 నవంబరులో ఆ మందు నిలకడగా ఉండటం లేదని, సీసా సీసాకీ పనిచేసే తీరు మారిపోవచ్చని మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మళ్ళీ అది మామూలుగా దొరికేసరికి 2013. డాక్టరమ్మ బుజ్జులుని గ్లార్జిన్ అనే ఇంకో ఇన్సులిన్‌కి మార్చి, రెండు యూనిట్లు చాలన్నారు. కొత్త సిరంజిలు కూడా రాసిచ్చారు. ఇంట్లో పాతవి డెబ్భై దాకా మిగిలాయి, పారేయడమెందుకని నేను వాటితోనే వేశాను. వెట్సులిన్ యు-40, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లు. గ్లార్జిన్ యు-100. యు-40 సిరంజిలో రెండో గీత దాకా లాగితే వచ్చేది 0.05 మిల్లీలీటరు. అందులో యు-100 మందు పోస్తే అయిదు యూనిట్లు. రెండు అనుకుని అయిదు వేశాను.

సాయంత్రం ఏడింటికి వేశాను. అర్ధరాత్రి దాటాక వాషింగ్ మెషిన్ వెనక ఏదో గీకుతున్న చప్పుడు. టార్చి వేసి చూస్తే వెనక కాళ్ళు జారిపోతున్నాయి, లేవబోయి పడిపోతోంది. కంటిపాపలు నల్ల గోళీల్లా పెద్దవైపోయాయి. మీటరులో షుగర్ 38. వేలికి కార్న్ సిరప్ రాసుకుని దాని చిగుళ్ళకి రుద్దాను. మీ పెదనాన్న దాన్ని టవల్లో చుట్టుకుని కారెక్కారు. తెల్లవార్లూ ఎమర్జెన్సీలో గ్లూకోజు ఎక్కించారు. బతికింది. పొద్దున ఇంటికొచ్చి చెత్తబుట్టలో చూస్తే యు-40 సిరంజి, ఎర్ర మూతది. గుంటూరులో తాతయ్యకి నేనే సూది వేసేదాన్ని, అక్కడ మందుల షాపులో మామూలుగా ఇచ్చే సీసా యు-40, సిరంజికి ఎర్ర మూత. కంటికి అలవాటైన రంగు కాబట్టి ఏ అనుమానమూ రాలేదు.

ఇప్పుడు నీ సంగతి. మీ వెట్ గ్లార్జిన్ గానీ ప్రోజింక్ గానీ అన్నారన్నావు. లెవెమిర్ యు-100, గ్లార్జిన్ కూడా యు-100. నువ్వు వాడే నారింజ మూత సిరంజిలే సరిపోతాయి. ప్రోజింక్ అయితే యు-40, దానికి ఎర్ర మూతవి విడిగా కొనాలి. నారింజ మూత సిరంజితో ప్రోజింక్ రెండు గీతలు లాగితే పిల్లికి అందేది 0.8 యూనిట్లే. ఇక పులిహోర రోజంతా నీళ్ళ గిన్నె దగ్గరే ఉంటుంది, మందు పనిచేయడం లేదని నువ్వు డోసు పెంచమంటావు. మూత రంగు ఒక్కటే నమ్ముకోకు, గొట్టం మీద యు-40 అనో యు-100 అనో రాసి ఉంటుంది, అదీ చూడు. సిరంజి 0.3 మిల్లీలీటర్లది, అర యూనిట్ గీతలున్నది అడుగు. పిల్లి డోసులో అర యూనిట్ చిన్న విషయం కాదు.

గ్లార్జిన్ రాసిస్తే ఇంకొకటి చూడాలి. లాంటస్, బాసగ్లార్, సెమ్‌గ్లీ అన్నీ గ్లార్జినే, యు-100. టౌజియో కూడా గ్లార్జినే, కానీ అది యు-300. దానిలోంచి మామూలు సిరంజితో లాగితే మూడు రెట్లు వెళ్తుంది. పెట్టె మీద 100 అని ఉందో లేదో కౌంటర్ దగ్గరే చదువు. సీసా బదులు ఒక్క పెన్ను అమ్ముతారేమో కూడా అడుగు. సీసాలో 1000 యూనిట్లు, మీ వాడికి రోజుకి నాలుగనుకున్నా ఎనిమిది నెలల మందు. అంతకాలం అది నిలవదు. పెన్నులో 300. పెన్ను తిప్పితే సాధారణంగా పూర్తి యూనిట్లే వస్తాయి కాబట్టి చాలామంది పిల్లులవాళ్ళు పెన్ను చివరి రబ్బరులోంచి సిరంజితో లాగుతారు. అలా చేయొచ్చా, తెరిచాక ఎన్నాళ్ళు వాడొచ్చు అన్నవి వెట్‌ని అడిగి చేయి. డబ్బు సంగతికొస్తే లాంటస్ ధరని ఈ జనవరి నుంచి 78 శాతం తగ్గించారు, మునుపటంత భారం లేదు.

వాల్‌మార్ట్‌లో పాతిక డాలర్లకి ప్రిస్క్రిప్షన్ లేకుండా నోవోలిన్ ఎన్ అనే ఇన్సులిన్ దొరుకుతుందని అల్లుడు అన్నాడట. మనుషులకి మంచి సదుపాయమే. పిల్లుల్లో అది చాలా త్వరగా అయిపోతుంది, పన్నెండు గంటలు రాదు. మీ అమ్మ సంక్రాంతికి వస్తూ ఇండియా నుంచి ఇన్సులిన్ తెస్తానందట. వద్దని చెప్పు. తను వేసుకునేది 30/70 మిక్స్, అందులో వేగంగా పనిచేసేది కలిసి ఉంటుంది, పైగా యు-40. సూది బాధ లేకుండా మాత్రలు, నోట్లో పోసే మందు ఉన్నాయి కదా అంటావేమో. బెక్సాక్యాట్, సెన్వెల్గో రెండూ అంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లులకే అని లేబుల్ మీదే రాశారు. పులిహోర రెండేళ్ళుగా సూది మీద ఉన్నాడు.

ఉన్న సీసా ఖాళీ అయ్యేదాకా ఆగకు. కొంచెం మిగిలి ఉండగానే మారు, ఏదైనా తేడా వస్తే వెట్ వెనక్కి వెళ్ళమనడానికి వీలుంటుంది. దీపావళికి మీ ఇంటికి పాతికమంది వస్తారు, టపాకాయలు, తలుపులు తీసి ఉంటాయి, పిల్లి మంచం కింద దూరి తిండి మానేస్తుంది. ఆ వారం వద్దు. నవంబరు మొదట్లో, నువ్వు ఇంటి నుంచి పనిచేసే వారం పెట్టుకో. రాత్రి ఆఖరి లెవెమిర్, పొద్దున అదే టైముకి కొత్తది. రెండూ కలిపి ఎప్పుడూ వద్దు. లెవెమిర్ రెండు యూనిట్లు కాబట్టి ఇదీ రెండే అని నువ్వే అనేసుకోకు. మా రెండో పిల్లికి మార్చినప్పుడు డాక్టరు కాస్త తగ్గించే మొదలుపెట్టారు, నాలుగు రోజులు షుగర్ మూడొందల పైనే ఉంది. నాకు చేతులు దురద పెట్టాయి, అర గీత పెంచేద్దామని. గ్లార్జిన్ కుదురుకోవడానికే కొన్ని రోజులు పడుతుంది. వారం దాటాక వెట్ కర్వ్ చేయమంటే, రెండు గంటలకోసారి చొప్పున పన్నెండు గంటలు షుగర్ చూసి రాసి పంపు. ఆ వారంలో తిండి బ్రాండ్ మార్చకు. అంకె తగ్గితే అది మందువల్లో తిండివల్లో ఎవరూ చెప్పలేరు.

షుగర్ ఇంట్లోనే చూడు. క్లినిక్‌లో భయానికే పిల్లి షుగర్ పెరిగిపోతుంది. పాత సాక్సులో గుప్పెడు బియ్యం పోసి ముడేసి, మైక్రోవేవ్‌లో కాసేపు వేడి చేసి, ముందు నీ మణికట్టుకి ఆనించి చూసుకుని దాని చెవికి ఆనించు. రక్తం సులభంగా వస్తుంది. చెవి అంచున గుచ్చాలి, వెనక దూది పెట్టుకో, లేకపోతే నీ వేలే గుచ్చుకుంటావు. పిల్లుల మీటరే వాడు, మనుషుల మీటరు పిల్లి రక్తంలో తక్కువ చూపిస్తుంది. రెండు మీటర్ల అంకెలు ఒకే కాగితం మీద కలిపి రాయకు.

సూది వేశాక జుట్టు తడిగా తగిలి, మందు లోపలికి వెళ్ళిందో లేదో తెలియకపోతే మళ్ళీ వేయకు. ఒక పూట తగ్గితే షుగర్ పెరుగుతుంది, రెండుసార్లు పడితే ప్రాణం మీదికొస్తుంది. తినకపోతే వేసే ముందు వెట్‌కి ఫోన్ చేయి. అలాగని మందు పొదుపు చేద్దామని రోజులు ఎగ్గొట్టడం కూడా వద్దు. తిండి మానేసి, వాంతులు చేసుకుని, నీరసంగా పడుంటే ఇన్సులిన్ చాలక ఒంట్లో పేరుకునే కీటోన్లేమో, అది ఎమర్జెన్సీయే. కీటోన్ స్ట్రిప్స్ ఒక డబ్బా ఇంట్లో పెట్టుకో. కార్న్ సిరప్ సీసా వంటింట్లో వద్దు, సిరంజిల డబ్బాలోనే ఉండాలి. ఆ రాత్రి నేను మూడు అరలు వెతికాను.

ఫ్రిజ్‌లో లెవెమిర్, గ్లార్జిన్ రెండూ నీళ్ళలా తేటగానే ఉంటాయి. పాత సీసాని పెట్టెలో పెట్టి, చుట్టూ టేపు వేసి ‘వద్దు’ అని రాయి, అల్లుడు కూడా చదివేలా పెద్దక్షరాలతో. గ్లార్జిన్ మబ్బుగా కనబడితే పారేయాలి. ప్రోజింక్ మాత్రం మబ్బుగానే ఉంటుంది, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి వేయాలి.

మొదటి రోజు పొద్దున మందు లాగగానే, వేయకముందే, సిరంజి ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. గీతలు, మూత రంగు, మందు పెట్టె మీది అంకె మూడూ కనబడాలి. మీకు ఆరంటే ఇక్కడ ఏడు, నేను లేచే ఉంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ