యుద్ధం దానంతటదే రాదు: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. మొదటి పేజీ మొత్తం కొట్టేయమని నా సలహా. మనిషి గుహల్లో బతికిన నాటి నుంచీ కొట్టుకుంటూనే ఉన్నాడని, దురాశ, అహంకారం, మతం, వనరులు యుద్ధానికి కారణాలని రాశావు. అబద్ధమేం కాదు. కాకపోతే ఆ పేజీని ఏ యుద్ధానికి తగిలించినా సరిపోతుంది, చిక్కల్లా అదే. దురాశ ఏ దేశంలో లేదు, ఏ కాలంలో లేదు? మరి ఫలానా ఏడాదిలోనే, ఫలానా రెండు దేశాలే ఎందుకు తలపడ్డాయి? అక్కడికొచ్చేసరికి నీ వ్యాసం నోరు మెదపలేదు.

నువ్వే 1914 నాటి మొదటి ప్రపంచ యుద్ధం ప్రస్తావన తెచ్చావు కాబట్టి దాని సంగతే చూద్దాం. జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజుని కాల్చి చంపారు. ఆయన కారు దారి తప్పి సరిగ్గా హంతకుడి ముందు ఆగిన కథ నువ్వూ రాశావు. అందరూ రాస్తారు, చదవడానికి బాగుంటుంది మరి. నేనైతే దాన్ని ఒక్క వాక్యంలో ముగించి, ఆ తర్వాతి వారాలకు చోటిస్తాను. తుపాకీ పేలిన రోజున యుద్ధం రాలేదు కదా. జులై మొదటి వారంలో, ఏం చేసినా మీ వెనక మేమున్నామని జర్మనీ ఆస్ట్రియాకు భరోసా ఇచ్చింది. 23న ఆస్ట్రియా, హత్య వెనక సెర్బియా హస్తముందంటూ, 48 గంటల గడువు పెట్టి ఆ దేశానికి షరతుల చిట్టా పంపింది. సెర్బియా చాలావాటికి తలూపింది. అయినా 28న యుద్ధం ప్రకటించారు. 29 రాత్రి, సెర్బియా పక్షాన ఉన్న రష్యా చక్రవర్తి పూర్తిస్థాయి సైనిక సమీకరణను ఆపించాడు. మర్నాడు చుట్టూ ఉన్నవాళ్లు పట్టుబడితే మళ్లీ సరేనన్నాడు.

ఆగస్టు 1న బెర్లిన్‌లో జరిగింది ఇంకా దగ్గరగా చూడు. బ్రిటన్ తటస్థంగా ఉండొచ్చన్న కబురొకటి వచ్చింది, తర్వాత అది నిజం కాదని తేలిందనుకో. జర్మనీ చక్రవర్తి విల్హెల్మ్ సంబరపడిపోయి, అయితే సైన్యం మొత్తాన్ని తూర్పుకి, రష్యా మీదికే పంపండి అన్నాడు. సేనాధిపతి మోల్ట్కే కుదరదన్నాడు. అన్ని లక్షల మందిని పడమటికి, ఫ్రాన్స్ వైపు చేర్చే రైళ్ల ఏర్పాటు ఏళ్ల తరబడి కూర్చుని చేసింది, ఇప్పుడు తిప్పేస్తే చేతికి మిగిలేది సైన్యం కాదు, తిండీతిప్పలూ లేని గుంపు అని ఆయన వాదన. చక్రవర్తికే అప్పటికప్పుడు తన సైన్యాన్ని పక్కకు తిప్పడం చేతకాలేదు. నీ వ్యాసంలో 'సామ్రాజ్యవాద వైరుధ్యాలు' అని ఉన్నచోట ఈ ఇద్దర్నీ తెచ్చి నిలబెట్టి చూడు. వైరుధ్యాలు ఉన్నాయి, కాదనను. వాటిని పట్టుకుని ఒకరు సరే అన్నారు, ఒకరు కుదరదన్నారు, ఒకరు అన్నమాట వెనక్కి తీసుకుని మళ్లీ అన్నారు. వాన కురిసింది అన్నంత తేలిగ్గా 'యుద్ధం వచ్చింది' అని రాసేస్తే వీళ్లంతా తప్పించుకుపోతారు.

ఇది కొత్త పేచీ కాదు. ఏథెన్స్ బలం పెరగడం, దాన్ని చూసి స్పార్టాకు పుట్టిన భయం, ఈ రెండూ కలిసి యుద్ధాన్ని తప్పనిసరి చేశాయని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. నువ్వు ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకున్నావు. కానీ ఆయనే ఇంకో సంగతి కూడా రాసిపెట్టాడు. స్పార్టా సభలో ముసలి రాజు ఆర్కిడమస్ తొందరపడొద్దని చెప్పాడు. అక్కడ ఓటంటే కేకలే, ఎవరి అరుపు పెద్దదైతే వాళ్లది గెలుపు. ఆ రోజు మాత్రం యుద్ధం కోరుతున్న స్తెనెలాయిడస్ అనే అధికారి, ఏ కేక పెద్దదో తెలియడం లేదంటూ అటువాళ్లని అటు, ఇటువాళ్లని ఇటు లేచి నిలబడమన్నాడు. శాంతి కావాలనుకున్నవాడు అందరూ చూస్తుండగా లేచి ఆ పక్కకు నడవాలి. ఎంతమంది నడుస్తారు? తప్పనిసరి అన్నదాని లోపల ఇలాంటి ఏర్పాట్లు ఉంటాయి. భయం గురించి రాసేటప్పుడు శత్రువంటే భయంతోనే సరిపెట్టకు. పక్కవాడు పిరికిపంద అంటాడేమోనన్న భయం కూడా చాలామందిని యుద్ధానికి తోలింది.

ఇక రెండో భాగం, చంపడం ఎప్పుడైనా న్యాయమవుతుందా అన్నది. ఆత్మరక్షణ కోసమైతే న్యాయమే అని రెండు వాక్యాల్లో తేల్చేశావు. ఐక్యరాజ్యసమితి చార్టర్ 51వ అధికరణం కూడా ఆత్మరక్షణ హక్కును ఒప్పుకుంటుంది, నిజమే. అందుకే దాడి చేసేవాడు కూడా ముందు ఆ మాటే ఎత్తుకుంటాడు. 1939 ఆగస్టు 31న జర్మనీ సరిహద్దులోని గ్లైవిట్స్ రేడియో స్టేషన్ మీద పోలండ్ వాళ్లు దాడి చేసినట్టు నాజీలే నాటకమాడి, తెల్లారి పోలండ్ మీద పడ్డారు. ఎదురు కాల్పులు జరుపుతున్నామని హిట్లర్ పార్లమెంటులో చెప్పాడు. 1964 ఆగస్టు 4న వియత్నాం దగ్గరి టోంకిన్ సింధుశాఖలో తమ నౌకల మీద రెండోసారి దాడి జరిగిందని అమెరికా చెప్పింది. జరగని దాడి అది. కాబట్టి 'ఆత్మరక్షణ' అని రాసిన ప్రతిచోటా, అది నిజమో కాదో ఆ రోజున ఎవరు తేల్చగలిగేవారో కూడా రాయి.

అంతకన్నా పెద్ద లోటు ఇంకోటుంది. యుద్ధానికి దిగడం న్యాయమా అన్నదీ, దిగాక ఎవరిని చంపొచ్చు అన్నదీ వేర్వేరు ప్రశ్నలు. నువ్వు రెండింటినీ కలిపేశావు. మొదటిదానికి ఏ జవాబు చెప్పినా రెండోది అలాగే ఉంటుంది.

1968 మార్చి 16, వియత్నాంలోని మై లై. అమెరికన్ సైనికులు ఊళ్లోవాళ్లని, ఆడవాళ్లనీ పసిపిల్లలనీ చూడకుండా చంపుతున్నారు. అక్కడి స్మారకం మీద 504 పేర్లున్నాయి. పైన హెలికాప్టర్‌లో తిరుగుతున్న అమెరికన్ పైలట్ హ్యూ థాంప్సన్‌కి మొదట ఏం జరుగుతోందో అర్థం కాలేదు. అర్థమయ్యాక, పారిపోతున్న జనానికీ తరుముకొస్తున్న తన సైనికులకీ మధ్య హెలికాప్టర్ దించాడు. వీళ్లు ఆ జనం మీద కాల్పులకు దిగితే వీళ్ల మీదే కాల్చండని తన ఇద్దరు సహచరులకు చెప్పి, ఆయుధం బయటికి తీయకుండా నడుచుకుంటూ వెళ్లాడు. తర్వాత శవాలతో నిండిన కాలువలోంచి బతికున్న ఒక పిల్లవాణ్ణి పైకి తీశారు. నాకు ముఖ్యమనిపించేది ఏంటంటే, థాంప్సన్ శాంతివాది కాదు. యుద్ధం చేయడానికే వెళ్లినవాడు. యుద్ధంలో అన్నీ చెల్లుతాయనే వాళ్లకి అతనే జవాబు, ఎవరిని చంపకూడదన్న గీత నేల మీద ఉన్నవాళ్లకీ కనపడేదే. అతను చేసినదాన్ని ఉన్నదున్నట్టు గుర్తించి సోల్జర్స్ మెడల్ ఇవ్వడానికి సైన్యానికి 30 ఏళ్లు పట్టింది. ఆ ఘోరానికి శిక్ష పడింది ఒకే ఒక్క అధికారికి, అతనూ ఎక్కువ కాలం ఇంట్లోనే నిర్బంధంలో గడిపి బయటపడ్డాడు. ఇవీ రాయి, కోపం తెచ్చుకోకుండా రాయి.

ఏ హత్యా ఎప్పటికీ న్యాయం కాదనే నీ స్నేహితురాలి వాదనని నువ్వు వెక్కిరించినట్టు రాశావు. అది గౌరవించాల్సిన వాదన. దానికి సరైన పరీక్ష ఆఫ్రికాలోని రువాండా. 1994 ఏప్రిల్‌లో టుట్సీ జాతివాళ్ల ఊచకోత సాగుతుండగా భద్రతా మండలి అక్కడి శాంతిసేనని 270 మంది దాకా తగ్గించమని తీర్మానం చేసింది. దాదాపు 100 రోజుల్లో సుమారు 8 లక్షల మంది చనిపోయారు. ఆయుధం పట్టని చేతులు శుభ్రంగా ఉన్నాయని ఆ లెక్క ముందు నేను అనలేను. చంపక తప్పని ఘడియ ఒకటి ఉంటుందనే నా నమ్మకం. తప్పనిది కాబట్టి అది మంచిపని అయిపోదు. చచ్చినవాడి తల్లికి మన న్యాయం ఏ విధంగానూ సరిపోదు. ఈ రెండూ పక్కపక్కనే పెట్టి వదిలెయ్, సర్దిచెప్పాలని చూడకు.

అశోకుడి పశ్చాత్తాపంతో ముగించావు చూడు, అక్కడ కాస్త ఆగాలి. కళింగలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించారని 13వ శిలాశాసనంలో చెప్పుకున్నది ఆయనే. ఏ రాజు చెప్పుకున్నాడు అంత? కానీ కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ శిలల మీద ఆ శాసనం లేదు. దాని బదులు వేరేవి చెక్కించారు. కళింగను తిరిగి ఇచ్చేయనూ లేదు. పైగా బాధపడ్డానని చెప్పిన అదే శాసనంలో, దండించే బలం తనకింకా ఉందని అడవి జాతులకు హెచ్చరిక ఉంది. పశ్చాత్తాపం నిజమే అయ్యుండొచ్చు, నాకు అనుమానం లేదు. దాని పక్కన ఇది కూడా ఉండాలి.

డ్రోన్ల మీద రాసిన పేరా ఉంచు. తెర ముందు కూర్చుని మీట నొక్కిన మనిషి సాయంత్రం ఇంటికెళ్లి పిల్లలతో భోంచేస్తాడన్న వాక్యం దగ్గర ఆపెయ్, ఆ తర్వాత నువ్విచ్చిన తీర్పు అక్కర్లేదు. శీర్షికలో 'మానవాళి' తీసెయ్. పత్రికకి పంపేముందు నాకోసారి చూపించు, పేజీలు తగ్గితే తగ్గనీ.

ఉంటాను,
నీ శ్రేయోభిలాషి